సిబిల్ అంకె, బ్యాంకు ఫైలు

‘మీ సిబిల్ ఎంతుంది?’ బైకు షోరూములో, ఫ్లాట్లు అమ్మే బిల్డరు ఆఫీసులో, ట్రాక్టరు డీలరు దగ్గర, అమెరికా చదువుకు లోను ఇప్పించే కన్సల్టెన్సీలో ఇప్పుడు ముందుగా వినిపించే ప్రశ్న ఇదే. జీతమెంత, పొలమెంత అన్నవి ఆ తర్వాత వస్తాయి. 300కూ 900కూ మధ్య ఎక్కడో ఉండే ఆ మూడంకెల సంఖ్య మనిషి పరపతికి గుర్తయి కూర్చుంది. దాన్ని పెంచుకునే చిట్కాల వీడియోలకు లెక్కలేదు. పెంచిపెడతామంటూ డబ్బు గుంజే ఏజెంట్లూ తయారయ్యారు.

ఇంతమంది ఆ అంకె వెంట పడుతున్నా, దాని వెనక ఉన్న రిపోర్టును మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు తక్కువ. అప్పిచ్చే సంస్థ ఆ రిపోర్టుతో పాటు ఇంకేమేం చూస్తుందో తెలిసినవాళ్లు మరీ తక్కువ. నా వాదన ఒక్కటే. అప్పు పుడుతుందా లేదా అన్నది ఎక్కువగా తేలేది రిపోర్టులోని వరసల దగ్గర, దరఖాస్తుకు జతచేసిన కాగితాల దగ్గర. అన్యాయం జరిగేదీ అక్కడే. తప్పుగా రాసిన వరస వల్ల కొందరు నష్టపోతుంటే, ఎక్కడా రాయని చరిత్ర వల్ల మరెందరో నష్టపోతున్నారు.

ఈ ఏర్పాటు మన దేశంలో మరీ పాతదేమీ కాదు. తొంభైల దాకా బ్రాంచి మేనేజరుకు దరఖాస్తుదారు సంగతి తెలియాలంటే రెండే దారులు: తన బ్యాంకు లెడ్జరు, ఊళ్లో నలుగురి మాట. అదే మనిషి పక్క వీధిలోని బ్యాంకుకు ఎంత బాకీ ఉన్నాడో తెలుసుకునే మార్గం లేదు. అందువల్ల తెలిసినవాళ్లకూ, పెద్దమనిషి సిఫారసు తెచ్చుకున్నవాళ్లకూ లోను దొరికేది, మిగతావాళ్లు తిరిగి తిరిగి వదిలేసేవాళ్లు. బ్యాంకులు తమ బాకీదారుల సమాచారాన్ని ఒకచోట చేర్చుకోవాలని 1999లో సిద్దిఖీ కమిటీ సిఫారసు చేసింది. 2000లో సిబిల్ సంస్థ పుట్టింది. 2004 నుంచి వ్యక్తుల వివరాలు, 2006 నుంచి వ్యాపార సంస్థల వివరాలు బ్యాంకులకు అందించడం మొదలుపెట్టింది. దీనికి చట్టపు పునాది 2005లో చేసిన క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం. 2010లో ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, హైమార్క్ సంస్థలకు కూడా లైసెన్సులు రావడంతో ఇప్పుడు మొత్తం నాలుగు సంస్థలు ఈ పనిలో ఉన్నాయి. వాడుకలో మాత్రం అన్నిటికీ సిబిలే పేరు. ఒకే మనిషికి నాలుగు చోట్లా నాలుగు స్కోర్లుండటం మామూలే. ఎవరి సూత్రం వాళ్లది, ఆ సూత్రాన్ని పూర్తిగా ఎవరూ బయటపెట్టరు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. సిబిల్ స్కోరు బ్యాంకులకు 2007లో అందుబాటులోకి వచ్చింది, మామూలు మనిషికి 2011లో. అంటే నాలుగేళ్లపాటు జనం తాము చూడలేని కొలతతో తూగారు. ఏడాదికి ఒక్కసారైనా పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం 2017 జనవరి నుంచి గానీ అమల్లోకి రాలేదు.

కంపెనీలకిచ్చే రేటింగులు వేరే సంగతి. 1987లో మొదలైన క్రిసిల్ లాంటి సంస్థలు బాండ్లకు, కంపెనీల అప్పులకు అక్షరాల్లో ఇచ్చే అంచనాలవి. 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ గ్రూపు చెల్లింపులు తప్పడానికి కొద్దికాలం ముందు దాకా దానికి పై మెట్టు రేటింగులే ఉన్నాయన్నది గుర్తుంచుకుంటే చాలు. చిన్న వ్యాపారులకు సిబిల్ సంస్థే 1 నుంచి 10 దాకా ర్యాంకు ఇస్తుంది. అందులో 1 అన్నిటికన్నా మెరుగు. ఈ వ్యాసం మాత్రం ఇంటి కోసమో, చదువు కోసమో, పంట కోసమో బ్యాంకు మెట్లెక్కే వ్యక్తుల గురించి.

ముందు రిపోర్టు తెరుద్దాం. మొదటి పేజీలో పేరు, పుట్టిన తేదీ, పాన్, పాత చిరునామాలు, ఫోను నంబర్లు ఉంటాయి. అందరూ దీన్ని చూసీచూడనట్టు దాటేస్తారు. చాలా తప్పులకు మూలం ఇక్కడే ఉంటుంది. మన ఇంటిపేరు ఒక బ్యాంకులో ముందు, ఇంకో బ్యాంకులో వెనక, మరోచోట ఒక్క పొడి అక్షరం. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, తాత పేరు పెట్టుకున్న మనవళ్లు ముగ్గురుంటారు. పాన్ సరిగ్గా నమోదు కాని పాత పంట రుణమో, బంగారం లోనో ఒకరిది మరొకరి రిపోర్టులోకి చేరడానికి ఇది చాలు. కాబట్టి స్కోరు చూసేముందు, అక్కడున్న ఫోను నంబర్లూ చిరునామాలూ మనవేనా అని చూసుకోవాలి. ఎప్పుడూ ఉండని ఊరి చిరునామా కనిపిస్తే ఆ రిపోర్టులో మనది కాని అప్పు కూడా ఉండే అవకాశం ఉంది.

తర్వాత ఖాతాలు. ఒక్కో లోనుకు ఒక్కో పెట్టె: ఇచ్చిన తేదీ, ఇచ్చిన మొత్తం, మిగిలిన బాకీ, ఆ లోనులో మనం సొంతదారులమా, ఉమ్మడిదారులమా, షూరిటీ ఉన్నవాళ్లమా అన్న వివరం. దాని కింద 36 నెలల గడులు. ఒక్కో గడిలో ఆ నెలకు వాయిదా ఎన్నిరోజులు వెనకబడిందో ఉంటుంది. మూడు సున్నాలుంటే బాకీ లేనట్టు. 30 దాకా ఉంటే బ్యాంకు భాషలో అది జాగ్రత్తగా చూడాల్సిన ఖాతాల్లో మొదటి మెట్టు, 31 నుంచి 60 రెండో మెట్టు, 61 నుంచి 90 మూడో మెట్టు. 90 దాటితే మొండి బాకీ. ఒక్కరోజు ఆలస్యమైనా ఆ గడిలో సున్నా పోతుంది. జీతం ఒకటో తేదీన పడి, వాయిదా ముప్పయ్యో తేదీన కోసే ఖాతాల్లో చాలామందికి జరిగే నష్టం ఇదే. డబ్బు లేక కాదు, తేదీ కుదరక. వాయిదా తేదీ మార్చమని బ్యాంకును ఒక్క ఉత్తరంతో అడిగితే పోయేదానికి ఏళ్ల తరబడి మచ్చ మోస్తుంటారు.

ఫైలు చూసే ఆఫీసరు కన్ను ముందు ఈ గడుల మీద పడుతుంది. మూడేళ్ల కిందట వరసగా నాలుగు నెలలు తప్పి, ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యని మనిషి ఒకరు. అన్నాళ్లూ బాగా కట్టి, గడిచిన రెండు నెలల్లో తడబడిన మనిషి ఇంకొకరు. ఇద్దరి స్కోర్లూ దగ్గరదగ్గరగా ఉండొచ్చు. గడులు చదివితే మాత్రం మొదటివాడు కష్టం దాటి వచ్చాడనీ, రెండోవాడు కష్టంలోకి దిగుతున్నాడనీ అర్థమవుతుంది. మంచి ఆఫీసరు చేసే పని ఈ తేడా పట్టుకోవడమే. కంప్యూటరు తెర మీద 750 దాటితే పచ్చరంగు, దాటకపోతే ఎర్రరంగు అని పెట్టుకున్న చోట ఈ చదువు జరగదు. 750 అన్న గీత కూడా రిజర్వు బ్యాంకు గీసింది కాదు. లోనుకు కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా నిర్ణయించలేదు. ఏ సంస్థకు ఆ సంస్థ తన విధానం ప్రకారం పెట్టుకున్న హద్దే అది.

ఖాతా చివర ఉండే ఒక మాట గురించి వేరే చెప్పాలి. పాత క్రెడిట్ కార్డు బాకీ 80,000 ఉందనుకోండి. వసూలు ఏజెంటు ఫోన్ చేసి, 35,000 కట్టండి, మొత్తం మాఫీ చేయిస్తానంటాడు. కట్టినవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. రిపోర్టులో మాత్రం ఆ ఖాతా ‘క్లోజ్డ్’ అని పడదు, ‘సెటిల్డ్’ అని పడుతుంది. తర్వాత వచ్చే ప్రతి బ్యాంకుకూ దాని అర్థం, ఈయన పూర్తిగా కట్టలేదు అని. క్రెడిట్ సంస్థలు వివరాలను కనీసం ఏడేళ్లు ఉంచాలన్నది నిబంధన. కట్టే స్తోమత లేనప్పుడు సెటిల్‌మెంటు తప్పు కాదు, కొన్నిసార్లు అదొక్కటే దారి. కానీ దాని ఖరీదేమిటో కట్టించుకునేవాడు చెప్పడు. చెప్పి తీరాలని నియమం ఉంటే బాగుండేది.

స్కోరును కదిలించే మిగతా విషయాలు తొందరగా చెప్పుకోవచ్చు. కార్డు పరిమితిలో ఎంత వాడుతున్నామన్నది ఒకటి. 50,000 పరిమితి ఉన్న కార్డు మీద నెలనెలా 45,000 ఖర్చుపెట్టి మొత్తం కట్టేసేవాళ్లు కూడా, బిల్లు తయారయ్యే రోజున 45,000 బాకీ ఉన్నట్టే లెక్కకొస్తారు. వారం తిరక్కుండా నాలుగైదు సంస్థలకు దరఖాస్తు పెడితే ఆ విచారణలన్నీ నమోదవుతాయి. మన రిపోర్టు మనం చూసుకుంటే మాత్రం ఏ నష్టమూ లేదు. ఈ అపోహ ఇంకా పోలేదు, అందుకే మళ్లీ చెబుతున్నాను. పొదుపు, జీతం, ఆస్తి, కులం, ఊరు - ఇవేవీ స్కోరులో ఉండవు. కోటి రూపాయల డిపాజిట్లుండి ఎన్నడూ అప్పు చెయ్యని మనిషికి స్కోరే ఉండదు.

స్కోరుతో పని పూర్తికాదు కాబట్టే రెండో భాగం మొదలవుతుంది. ఒక ప్రభుత్వ టీచరు ఇంటి లోనుకు వెళ్లారనుకుందాం. చేతికొచ్చే జీతం 60,000. స్కోరు బాగుంది. బ్యాంకు ముందు వేసే లెక్క ఇది: జీతంలో సగానికి మించి వాయిదాలకు పోకూడదు. ఈ సగం అన్నది అన్నిచోట్లా ఒకటే కాదు. తక్కువ జీతానికి నలభై శాతమే ఒప్పుకునే సంస్థలున్నాయి, ఎక్కువ జీతానికి ఇంకా వదులిచ్చేవీ ఉన్నాయి. సగమనే పెట్టుకుంటే 30,000. అందులో ఇప్పటికే బైకు వాయిదా 4,000 పోతోంది. మిగిలింది 26,000. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లకు లక్షకు నెల వాయిదా దాదాపు 868 రూపాయలు. ఆ లెక్కన ఆయనకు 30 లక్షల దగ్గర లోను వస్తుంది. మూడు నెలల కిందట నెలకు 3,000 వాయిదా మీద కొత్త ఫోనూ టీవీ కొని ఉంటే, ఆ ఒక్క వాయిదా ఇంటి లోనులో దాదాపు 3,45,000 కోసేస్తుంది. కాయితం మీద ఈ లెక్క వేసుకోకుండా బయానా ఇచ్చేసి, తర్వాత తక్కువ సాంక్షన్ చేశారని బాధపడే కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఇక ఆస్తి. 30 లక్షల వరకు ఇంటి లోనుకు ఆస్తి విలువలో 90 శాతం దాకా, అది దాటి 75 లక్షల వరకు 80 శాతం, ఆ పైన 75 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు హద్దు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా ఆ విలువలో కలపరు. మన దగ్గర అసలు చిక్కు విలువ దగ్గరే. నలభై లక్షలకు బేరమైన ఇంటిని పాతిక లక్షలకు రిజిస్టరు చేసి మిగతాది చేతికివ్వడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తెలిసిన సంగతే. బ్యాంకు పత్రంలోని విలువనే పట్టుకుంటే లోను 22,50,000 దాటదు. పూర్తి విలువ చూపి ఉంటే 32 లక్షల దాకా వచ్చేది. పత్రాల సంగతి ఇంకోటి. ప్యానెల్ లాయరు లింకు డాక్యుమెంట్లూ ఈసీ తిరగేసి టైటిల్ శుభ్రంగా ఉందని రాస్తేనే ఫైలు కదులుతుంది. గ్రామకంఠం స్థలంలో మూడు తరాలుగా ఉంటున్న ఇల్లు కళ్లెదుట ఉన్నా, చూపడానికి కాగితం లేకపోతే అది తాకట్టుకు పనికిరాదు. అనుమతి లేని లేఅవుటులో ప్లాటు కొన్నవాళ్ల గతీ అంతే. ఈ తిరస్కారాలకు స్కోరుతో సంబంధమే లేదు. అయినా ఇంటికొచ్చి సిబిల్ బాగోలేదట అని చెప్పుకోవడం అలవాటైపోయింది.

సొంత వ్యాపారం ఉన్నవాళ్ల ఫైలు ఇంకోలా ఉంటుంది. కిరాణా హోల్‌సేలు, చికెన్ సెంటరు, మెడికల్ షాపు నడిపేవాళ్లు రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇవ్వాలి. పన్ను తగ్గించుకోవడానికి రిటర్నులో తక్కువ చూపిన ఆదాయాన్నే బ్యాంకు మీ ఆదాయం అంటుంది. స్టేట్‌మెంటులో అది వెతికేవి మూడు: నెల మధ్యలో ఎంత నిల్వ ఉంటోంది, చెక్కులూ ఆటోమేటిక్ వాయిదాలూ ఎన్నిసార్లు తిరిగొచ్చాయి, దరఖాస్తుకు ముందు నెలల్లో ఎక్కణ్ణుంచో పెద్ద మొత్తం వచ్చిపడి మళ్లీ వెళ్లిపోయిందా. మూడోది కనిపిస్తే, చూపించడానికి తెచ్చిన డబ్బని వెంటనే అర్థమైపోతుంది.

మంచి రికార్డుకు ఇంకో లాభం వడ్డీలో. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల ఇంటి లోన్లు రెపో రేటు లాంటి బయటి కొలతకు ముడిపడ్డాయి. దాని పైన బ్యాంకు వేసే అదనంలో కొంతభాగం మనిషి రిస్కును బట్టి ఉంటుంది. ఒకరికి ఎనిమిదిన్నర, మరొకరికి తొమ్మిదిన్నర పడిందనుకోండి. 30 లక్షల మీద 20 ఏళ్లకు నెలకు తేడా 1,929 రూపాయలు, మొత్తం మీద 4,60,000 పైమాటే. బేరమాడదగిన చోటు ఇది. అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఇంతవరకూ చెప్పింది రికార్డున్నవాళ్ల కథ. నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది మిగతావాళ్ల గురించి.

తెలుగు నేలకు ఈ విషయంలో చేదు అనుభవం ఉంది. రెండువేల తర్వాతి దశాబ్దంలో మైక్రోఫైనాన్స్ సంస్థలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోకి వెల్లువలా వచ్చాయి. ఒకే మహిళకు సోమవారం ఒక సంస్థ వాయిదా, మంగళవారం మరోదాని వాయిదా, అది కట్టడానికి ఇంకోదాని దగ్గర కొత్త అప్పు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఏ సంస్థకూ పూర్తిగా తెలియదు, తెలుసుకోవాలన్న తొందరా లేదు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని శాఖలు మూయించారు. 2010 జులై, ఆగస్టుల్లో హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేరు మార్కెట్లోకి వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో, వసూళ్ల వేధింపులకు ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న గొడవ మధ్య రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. 2011లో మాలెగాం కమిటీ నివేదిక వచ్చాక ఒక మహిళకు రెండుకు మించి మైక్రోఫైనాన్స్ సంస్థలు అప్పివ్వకూడదన్న నియమమూ, వివరాలన్నీ క్రెడిట్ సంస్థలకు చేర్చాలన్న పట్టూ వచ్చాయి. 2022 ఏప్రిల్ నుంచి నియమం ఇంకా మెరుగైంది. ఏడాదికి 3 లక్షలు దాటని ఆదాయం ఉన్న కుటుంబం మొత్తం వాయిదాలు ఆ ఆదాయంలో సగం మించకూడదు.

ఈ చరిత్రలో నాకు కనిపించే పాఠం, అప్పుల సమాచారం ఒకచోట ఉండటం పేదవాళ్లకే ఎక్కువ అవసరం అన్నది. ముగ్గురి దగ్గర అప్పున్న మనిషికి నాలుగోవాడు అప్పివ్వకుండా ఆపేది అదే. స్కోరు వ్యవస్థను దుష్టశక్తిగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ ఆ సంక్షోభంలో తప్పు ముందుగా ఎగబడి ఇచ్చినవాళ్లదైతే, రికార్డులో మచ్చ పడింది మాత్రం తీసుకున్న ఆడవాళ్లకు. అప్పిచ్చినవాడి దుడుకుతనాన్ని నమోదుచేసే గడి ఏ రిపోర్టులోనూ లేదు.

రుణమాఫీల సంగతీ ఇలాంటిదే. 2014లో రెండు కొత్త ప్రభుత్వాలూ పంట రుణాలు మాఫీ చేస్తామన్నాయి. తెలంగాణలో లక్ష దాకా, ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్షన్నర దాకా. డబ్బు విడతలు విడతలుగా వచ్చింది. తెలంగాణలో 2018 హామీ కూడా ఏళ్లపాటు సాగింది. 2024లో 2 లక్షల దాకా మాఫీ జరిగింది. మాట ఇచ్చిన రోజుకూ బ్యాంకులో డబ్బు పడిన రోజుకూ మధ్య రైతు లోను తిరగరాయించుకోలేదు. ఎందుకు తిరగరాయాలి, మాఫీ అవుతుందిగా అనుకున్నాడు. తప్పేమీ లేదు, ప్రభుత్వమే చెప్పింది. కానీ పంట రుణం రెండు పంట కాలాలు దాటితే మొండి బాకీ లెక్కలోకి వెళ్తుంది. సకాలంలో కట్టినవాళ్లకు దొరికే వడ్డీ రాయితీ పోతుంది. 7 శాతం, కట్టినవాళ్లకు 4 శాతమే పడే లోను కాస్తా మామూలు వడ్డీలోకి జారుతుంది. కొడుకు చదువుకో, ట్రాక్టరుకో వెళ్తే ఆ గడులు కనిపిస్తాయి. మాఫీ ప్రకటించే ప్రభుత్వం, ఆ మధ్యకాలపు ఆలస్యం రైతు రికార్డులోకి పోకుండా బ్యాంకులతో ముందే మాట్లాడుకోవాలని ఎందుకు అనుకోదో నాకు అర్థం కాదు.

కౌలు రైతు అయితే ఈ ఆటలో అసలు లేడు. పంట రుణం ఇవ్వడానికి బ్యాంకు చూసేది పాసు పుస్తకం, అడంగల్, ఎకరాకు ఏ పంటకు ఎంత ఇవ్వొచ్చో జిల్లాలో నిర్ణయించిన స్కేల్ ఆఫ్ ఫైనాన్స్. పాసు పుస్తకం భూయజమానిది. పెట్టుబడీ, నష్టమూ కౌలుదారువి. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో సాగుదారుల హక్కుల చట్టం చేసింది, కార్డు కావాలంటే యజమాని సంతకంతో ఒప్పందం ఉండాలి. తన పొలం మీద కాగితం పుట్టడం ఇష్టంలేని యజమాని సంతకం పెట్టడు. అదే పొలం మీద యజమాని అప్పటికే లోను తీసుకుని ఉంటే బ్యాంకూ ముందుకు రాదు. దాంతో కౌలుదారు ఎరువుల షాపు దగ్గర, వడ్డీ వ్యాపారి దగ్గర అప్పుచేసి, పంట అమ్మి తీరుస్తాడు. ఇరవై ఏళ్లు అలా తీర్చినా ఆ చరిత్ర ఎక్కడా ఉండదు. నెలనెలా తప్పకుండా చిట్టీ పాట కట్టే ఆటో డ్రైవరుదీ, కిరాయి ఒక్కరోజు ఆలస్యం చెయ్యని అద్దె ఇంటి కుటుంబానిదీ ఇదే కథ. డ్వాక్రా మహిళలు కొంత నయం. సంఘం అప్పు తీర్చే తీరును బ్యాంకులు సభ్యురాలి పేరున కూడా నమోదు చెయ్యాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. అది పక్కాగా జరిగిన చోట ఆమెకు సంఘం బయట కూడా పరపతి పుడుతుంది.

రికార్డు లేనందువల్ల మొదటిసారి అప్పు అడిగేవాళ్లను తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో స్పష్టంగానే చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో ఆర్థిక శాఖ పార్లమెంటుకూ ఆ మాటే తెలిపింది. అలాగని అడిగిన ప్రతివాళ్లకూ ఇవ్వమని కాదు. ఆదాయం, పని, మిగతా చెల్లింపులు చూసి నిర్ణయించమని. చదవని దరఖాస్తును తిరగ్గొట్టడానికి ఖాళీ రిపోర్టు ఇక సాకుగా పనికిరాదు.

షూరిటీ సంతకం గురించి ఒక మాట. బావమరిది లోనుకు, తోటి ఉద్యోగి చిట్టీకి మొహమాటపడి పెట్టే సంతకం మనవాళ్లకు మామూలు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం. బ్యాంకు ముందు అతణ్ణి అడిగి, తర్వాతే మిమ్మల్ని అడగాలన్న నియమం లేదు. బ్యాంకు లోనైతే అతని ఆలస్యం మీ రిపోర్టులో కనిపిస్తుంది. సంతకం పెట్టినవాళ్లు కనీసం ఆర్నెల్లకోసారి రిపోర్టు తెరిచి ఆ ఖాతా చూసుకోవాలి.

చదువు లోన్లకు వస్తే, విదేశాలకు వెళ్లే పిల్లల అప్పు తండ్రి రికార్డులోనూ ఉంటుంది, ఎందుకంటే సాధారణంగా ఆయన ఉమ్మడిదారు. తండ్రి పాత కార్డు సెటిల్‌మెంటు కూతురి సీటుకు అడ్డం పడటం ఈ దారిలోనే. 2023లో కేరళ హైకోర్టు, స్కోరు తక్కువుందన్న కారణంతో విద్యారుణం దరఖాస్తును తోసిపుచ్చకూడదంది. ఇంకోవైపు 2025లో మద్రాసు హైకోర్టు, చెడ్డ క్రెడిట్ రికార్డున్న అభ్యర్థి నియామకాన్ని రద్దుచేసిన స్టేట్ బ్యాంకు నిర్ణయాన్ని నిలబెట్టింది. బ్యాంకు పరీక్షల కోసం నంద్యాలలో గదులు అద్దెకు తీసుకుని చదివే పిల్లలకు ఇది దగ్గరి సంగతి. కోచింగు ఫీజు కోసం యాప్‌లో తీసుకున్న చిన్న అప్పు ఎగ్గొడితే, ఉద్యోగం వచ్చాక ఆ గడి ఎదురొస్తుంది. డబ్బు పట్టుకునే ఉద్యోగానికి ఇది సరైన షరతేనంటారు కొందరు. నిరుద్యోగంలో తప్పిన వాయిదాను ఉద్యోగానికే అనర్హతగా చేస్తే అది తీరే దారేది? ఈ విషయంలో నేను అభ్యర్థుల పక్షం.

అమెరికా చేరిన పిల్లలకు మళ్లీ మొదటి నుంచే. అక్కడ 1989 నుంచి నడుస్తున్న ఫైకో స్కోరు 300 నుంచి 850 దాకా. ఇక్కడి చరిత్ర అక్కడి రిపోర్టులోకి సాధారణంగా రాదు. డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డుతో, చిన్న బిల్లులు సకాలంలో కట్టుకుంటూ మొదలుపెడతారు. ఇంతలో ఇక్కడ విరామ కాలం ముగిసి చదువు లోను వాయిదాలు మొదలవుతాయి. అక్కడ ఉద్యోగం ఆలస్యమైతే ఇక్కడ తండ్రి గడులు ఎరుపెక్కుతాయి.

కొత్త పద్ధతులు వస్తున్నాయి. 2021లో మొదలైన అకౌంట్ అగ్రిగేటర్ ఏర్పాటుతో మన అనుమతి మీద బ్యాంకు స్టేట్‌మెంట్లు నేరుగా అప్పిచ్చే సంస్థకు చేరతాయి. భూమి రికార్డుల్లాంటివి ఒకే దారిలో అందించే ఏర్పాటును రిజర్వు బ్యాంకు 2023లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. రికార్డు లేని వ్యాపారికి యూపీఐలో రోజూ వచ్చే డబ్బే సాక్ష్యం కాగలదు. ఇది నిజంగా ఆశ కలిగించే మార్పు. అయితే 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లను మనం మరిచిపోలేదు. అప్పటి యాప్‌లు ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని బంధువులకు ఫోన్లు చేసేవి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నిబంధనలు దాన్ని నిషేధించాయి. డబ్బు నియంత్రణలో ఉన్న సంస్థ ఖాతా నుంచి నేరుగా అప్పుదారు ఖాతాకే చేరాలన్నాయి.

ఇక తప్పులు దిద్దించుకోవడం. ఏటా నాలుగు సంస్థల దగ్గరా ఒక్కో ఉచిత రిపోర్టు తీసుకోవచ్చు. మూడు నెలలకొకటి చొప్పున తీస్తే ఏడాదంతా కాపలా ఉన్నట్టే. తప్పు కనిపిస్తే ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఫిర్యాదు పెట్టొచ్చు, రుసుము లేదు, ఏజెంటు అక్కర్లేదు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. క్రెడిట్ సంస్థలు 2022 సెప్టెంబరు నుంచి ఆ పరిధిలోకి వచ్చాయి. 2025 జనవరి నుంచి బ్యాంకులు వివరాలను కనీసం పదిహేను రోజులకోసారి పంపుతున్నాయి కాబట్టి, కట్టేసిన బాకీ రిపోర్టులో కనబడటానికి మునుపటంత కాలం పట్టకూడదు. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకోవడం మాత్రం మానకూడదు. ఫిర్యాదుకు అదే ఆధారం.

వీటన్నిటికన్నా తక్కువగా వాడుతున్న హక్కు ఇంకోటుంది. లోను దరఖాస్తును తిరస్కరిస్తే ముఖ్యమైన కారణాలు రాతపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు 2007లోనే అన్నిరకాల అప్పులకూ, క్రెడిట్ కార్డు దరఖాస్తులకూ వర్తించేలా చెప్పింది. కౌంటరు దగ్గర ‘సిస్టమ్ తీసుకోవట్లేదండీ’ అన్న మాట కారణం కాదు. దరఖాస్తు తేదీ, నంబరు వేసి, తిరస్కరణకు కారణం రాసివ్వమని బ్రాంచికి ఒక ఉత్తరం పెట్టి, రశీదు తీసుకోండి. దిద్దుకోవాల్సింది పాత కార్డు ఖాతాలో ఉందో, ఉన్న వాయిదాల బరువులో ఉందో, ఇంటి పత్రాల్లో ఉందో దాంతో తెలుస్తుంది. అది తెలిశాకే ఇంకో బ్యాంకులో దరఖాస్తు పెట్టాలి.